అవునండీ అనే అలవాటు

మా నరసరావుపేట బజార్లో కొట్టు పెట్టుకున్నవాడికి అభిమాన హీరో ఉండకూడదు. ఇది మా నాన్న పెట్టిన నియమం. పదో తరగతి తప్పి నేను కొట్లో కూర్చున్న మొదటి రోజునే, గల్లాపెట్టె మీద నేను అంటించుకున్న హీరో బొమ్మను నా గోళ్లతోనే గీకించి తీయించాడు. మా దగ్గర ఫలానా హీరో అంటే ఇష్టమని చెప్పడం సినిమా గురించి చెప్పడం కాదు. ఆ మాట వినగానే అవతలివాడు మనది ఏ పార్టీయో, మనం ఎవరి మనుషులమో తేల్చేసుకుంటాడు. తేల్చుకున్నది తప్పయినా సరే, మర్నాటి నుంచి ఎదురు కొట్టుకు వెళ్తాడు. అందుకని ఎవరైనా వచ్చి సినిమా బాగుందంటే బాగుందనాలి, బాగాలేదంటే బాగాలేదనాలి. ముప్పై ఏళ్లుగా నేను అదే పని నిష్ఠగా చేశాను.

మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సు అమ్ముతాం. ఆడవాళ్లు చీర తెచ్చి బల్ల మీద పరుస్తారు. ట్యూబులైటు కింద రంగులు మోసం చేస్తాయి కనుక, నాలుగు బట్ట తానులు భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్లి, ఎండలో చీర పక్కన పెట్టి చూపించాలి. ఆ ఎండలో నిలబడ్డ ఐదు నిమిషాల్లో లోకంలోని సంగతులన్నీ దొర్లిపోతాయి. పిల్లల ఫోన్లు, సినిమా టికెట్ల ధరలు, ప్రభుత్వం, కోడళ్లు. నా కళ్లు రంగు మీద ఉంటాయి, నోరు మాత్రం దాని మానాన అది అవునండీ, అవునవును అంటూ ఉంటుంది. ఒక రోజు పొద్దున ఒక పెద్దాయన భార్యతో వచ్చి, ఆడవాళ్లకు బస్సు ఉచితం చేయడం శుద్ధ దండగ అన్నాడు. అవునండీ అన్నాను. ఆ మధ్యాహ్నమే నాదెండ్ల నుంచి అదే ఉచిత బస్సులో దిగిన అక్కచెల్లెళ్లిద్దరు ఇంత మంచి పని ఇంకోటి లేదన్నారు. అవునవును అన్నాను. రెండో అవును మనసులోది. ఆ బస్సు వచ్చాక ఒక్క జాకెట్టు ముక్క కోసం కూడా ఊళ్ల నుంచి జనం వస్తున్నారు, మగవాడి జేబు వైపు చూడకుండా వస్తున్నారు. కానీ రెండు అవునులూ ఒకే గొంతుతో వచ్చాయి. వినేవాళ్లకు తేడా తెలిసే దారి లేదు.

మరి నా అసలు అభిప్రాయాలు ఎక్కడికి పోవాలి? పక్క కొట్టుకు పోయేవి. అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబు ఉంటాడు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన ఒరేయ్ తమ్ముడూ అంటాడు. పాతికేళ్లుగా మా రెండు కొట్లకూ మధ్య ఒకటే గోడ, ముందు ఒకటే రేకుల పంచ. ఏ పెద్ద సినిమా వచ్చినా రెండో వారం, కొట్లు మూసే సెలవు రోజున ఇద్దరం మ్యాట్నీకి వెళ్తాం. మొదటి వారం వెళ్లం. అభిమానులు చింపి ఎగరేసే కాగితాల్లో సినిమా కనపడదు, ఈలల్లో వినపడదు. మర్నాడు పదకొండింటికి ఆయన కొట్లో టీ తాగుతూ, చూసిన సినిమాను మిషను విప్పినట్టు విప్పి పెడతాం.

అక్కడ నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మూడు గంటలు కూర్చోబెట్టి, మిగిలిన కథ రెండో భాగంలో చూసుకోమనడం ఏం మర్యాద అని తిడతాను. అరవై దాటిన హీరో పక్కన కూతురి కన్నా చిన్నపిల్ల గంతులేస్తుంటే తల దించుకుంటానని చెబుతాను. అన్నకు అవేవీ పట్టవు. ఆయన బాధంతా సినిమా మెకానిక్కుల గురించి. హీరో మెకానిక్కయితే బుగ్గ మీద ఒక చోట, చొక్కా మీద ఒక చోట ముచ్చటగా మసి పూస్తారట, గోళ్లు మాత్రం పెళ్లికొడుకు గోళ్లలా ఉంటాయట. ఇద్దరం కలిసి తిట్టేది మాత్రం ఒకటుంది. పల్నాడు అనగానే తెర మీద దుమ్ము లేపుకుంటూ పది బండ్లు, వేటకొడవళ్లు, నాటుబాంబులు. సరుకు కోసం హైదరాబాద్ వెళ్తే హోల్‌సేల్ కొట్లో గుమాస్తా నన్ను చూసి, మీ ఊళ్లో పొద్దుగూకాక బయటికి రావచ్చా అని అడిగాడు. మా దగ్గర గొడవలు జరగవని నేను అనను. జరిగాయి, కొట్టు షట్టరు దించి లోపల కూర్చున్న రోజులున్నాయి. కానీ మిగిలిన రోజుల్లో మేమూ పాలు కాచుకుని, పిల్లల్ని బడికి పంపి, కరెంటు పోతే విసుక్కునే మనుషులమేనని ఒక్క డైరెక్టరుకూ తోచదు.

పోయిన వేసవిలో ఒక సినిమా వచ్చింది. జనం విరగబడి చూశారు. అలవాటు ప్రకారం రెండో వారం మేమూ వెళ్లాం. అందులో చెడ్డవాళ్లందరిదీ ఒకటే వేషం. గడ్డం, సుర్మా పెట్టిన కళ్లు, తల మీద టోపీ. ఒక్కడంటే ఒక్కడు మంచివాడు లేడు. ఒకడు మాంసం ముక్క కొరుకుతూ మనిషిని నరికినప్పుడు హాలంతా ఏదో అరిచింది. అన్న నా పక్క సీట్లోనే ఉన్నాడు. ఆయన వైపు తిరిగి చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ఇంటర్వల్లో ఎండల గురించి మాట్లాడుకున్నాం. మర్నాడు పదకొండింటికి టీ దగ్గర కూడా ఎండల గురించే మాట్లాడుకున్నాం.

ఆ వారంలోనే ఒక రిటైరైన టీచరమ్మ మేనకోడలి పెళ్లి చీరలు పట్టుకుని వచ్చింది. మా కొట్టుకు పాత ఖాతాదారు. చెడ్డమనిషి కాదు, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇంటికి పళ్లు పంపింది. ఆమె కుట్టుమిషను బాగుచేసేది కూడా అన్నే. పసుపుకూ ఆవపువ్వు రంగుకూ మధ్య ఎక్కడో ఉన్న చీర ఒకటి నన్ను ముప్పుతిప్పలు పెడుతోంది. తానులు తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. ఆమె ఆ సినిమా సంగతి ఎత్తి, అందరూ చూడవలసిన సినిమా అని, ఇన్నాళ్లకు ఒకడు ధైర్యం చేశాడని మెచ్చుకుంది. చివరికి ఈ మాట అంది.

"వాళ్లు ఎక్కడున్నా అంతే శెట్టిగారూ. మనలో కలవరు. నమ్మటానికి లేదు."

"అవునండీ, అవునవును" అన్నాను, తాను మడత విప్పుతూ.

రెండు గజాల దూరంలో, పంచ కింద, అన్న ఒక మిషను తలకాయను తిరగేసి నూనె వేస్తున్నాడు. రంగు కుదిరిందన్న సంబరంలో నేను లోపలికి వెళ్లి, బల్ల మీద గజంబద్ద పెట్టి, రెండో మీటరు కొలుస్తుండగా నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకు తెలిసింది. కత్తెర చేతిలోనే ఆగిపోయింది. టీచరమ్మ ఏమయిందని అడిగింది. ఏం లేదండీ అన్నాను.

మర్నాడు పదకొండింటికి పక్క కొట్టు నుంచి పిలుపు రాలేదు. నేనే వెళ్దామనుకుని, గిరాకీ ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం ఆయన మా వాకిట్లోకి వచ్చి, ఎండకు అడ్డంగా నేను కట్టిన పట్టా తాడు తన వైపు వేలాడుతోందని చూపించాడు. "శెట్టిగారూ, కొంచెం అటు లాక్కుంటారా" అన్నాడు. పాతికేళ్లలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు. బూతులు తిట్టినా అంత నొప్పి పెట్టేది కాదు. సరేనని తాడు లాగి కట్టాను. ముడి మూడుసార్లు జారిపోయింది.

ఇంట్లో చెప్పుకుంటే నా భార్య అన్నం వడ్డించడం ఆపి, నీకసలు కాదు అనే మాట పలకటం వచ్చా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. తప్పంతా టీచరమ్మదన్నాను, సినిమా తీసినవాడిదన్నాను, మా నాన్నదని కూడా అన్నాను. ఆమె అన్నిటికీ తలూపి, పప్పు వేయనా అని అడిగింది.

పది రోజులు అలాగే గడిచాయి. ఒకనాడు దారాలకు వచ్చిన దర్జీ మాటల్లో చెప్పాడు, అన్న సత్తెనపల్లి రోడ్డులో ఖాళీ కొట్టు చూసి వచ్చాడని, నెలాఖరుకు మారవచ్చని.  వ్యాపారంలో నష్టం వచ్చిన రోజులు చూశాను, నాన్న పోయిన రోజు చూశాను. ఆ రెండుసార్లూ గోడకు అవతల ఆయన ఉన్నాడు. ఆయన లేని గోడను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. దర్జీకి తెల్లదారం బదులు నల్లదారం కట్టి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం ఎండకు బజారు పల్చబడ్డాక ఆయన కొట్లోకి వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. కూర్చోమని ఆయన అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా అడిగేశాను.

"ఆ రోజు టీచరమ్మ అన్నది విన్నావా అన్నా?"

"విన్నా."

"నేనన్నదీ?"

"అదీ విన్నా."

అది మనసులోంచి వచ్చిన మాట కాదని, అలవాటు కొద్దీ జారిందని, ఎవరేమన్నా నేను అవుననే అంటానని తనకు తెలియదా అని గబగబా చెప్పుకొచ్చాను. ఆయన మిషనులోంచి చిన్న మర ఒకటి తీసి, గుడ్డతో తుడిచి, పళ్లెంలో పెట్టాడు.

"అలవాటేనని నాకు తెల్సు తమ్ముడూ. అందుకనే కోపం రాలా, భయమేసింది. అనేవోళ్లు అంటానే ఉంటారు, చానా విన్నా. రేపు ఏదన్నా అయ్యి, నలుగురు నీ కొట్టు ముందుకొచ్చి నా గురించి అడిగితే, అప్పుడు కూడా అలవాటు కొద్దీ అవునంటావేమోనని."

 అలా జరగదని ఒట్టు వేయవచ్చు, కానీ ముప్పై ఏళ్లుగా నేను చూపించిన సాక్ష్యం అంతా ఒట్టుకు ఎదురుగానే ఉంది. క్షమించమన్నాను. ఆయన క్షమించానని గానీ లేదని గానీ అనకుండా, గిరాకీ వచ్చినట్టుంది చూసుకో అన్నాడు. నిజంగానే ఎవరో వచ్చి ఉన్నారు. వెళ్లి లంగా బట్ట చూపించాను.

నాలుగో రోజున టీచరమ్మ మళ్లీ వచ్చింది. రెండు జాకెట్లకు లైనింగు చాలలేదట. వాకిట్లోకి వెళ్లి రంగు చూస్తున్నాం. పక్కన అన్న తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. ఆమె ఫోన్లో ఎవరో పంపిన వీడియో ఒకటి చూపించి, ఆ సినిమాలో చూపించిందంతా నిజమేనని ఇందులో ఉందని, తాను ఆ రోజే చెప్పానని అంది. నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. గొంతులో ఆ మాట సిద్ధంగా ఉంది కూడా. దాన్ని మింగడానికి ఎంత కష్టమయిందో చెప్పలేను. 

"కాదండీ" అన్నాను. "అది నిజం కాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. వినపడలేదేమోనని నేను మళ్లీ అన్నాను.

"కాదు టీచరుగారూ. సినిమాల్లో మన పల్నాడోళ్లు పొద్దున లేచిన కాణ్ణుంచి బాంబులు చుడతా ఉంటారు. మీరు బళ్లో ముప్పై ఏళ్లు చేశారు గదా, ఒక్కటన్నా చుట్టారా?"

 ఆమె చూపు పక్క కొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. నేను నాన్నను తలుచుకున్నాను. ఇంత పెద్ద పెళ్లి గిరాకీ పోయింది, ఆమె చుట్టాలు పోయారు, ఆమె దగ్గర చదువుకున్న సగం ఊరు పోయింది అనుకున్నాను. ఆమె పెళ్లి చీర కొంగును బట్ట తాను పక్కన ఇంకోసారి పెట్టి చూసుకుంది.

"ఇదే కుదిరింది. రెండు మీటర్లు కొయ్యండి" అంది.

అంతే. ముప్పై ఏళ్లుగా నేను భయపడింది దీనికి. ఆమె ఎప్పటిలాగే బేరమాడింది, ఎప్పటిలాగే ఫాల్సు ఒకటి తగ్గించి ఇవ్వమంది. ఆమె మనసు మారిందని నేను చెప్పను, ఆ సంగతి నాకు తెలియదు. వెళ్తూ వెళ్తూ అన్న దగ్గర ఆగి, మిషను దారం తెంపుతోంది, రేపు పంపిస్తానని చెప్పింది. పంపించమ్మా అన్నాడాయన. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి, సీసాలో నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేశాను. భయం దిగిపోతుంటే ఒళ్లు ఇంత తేలికవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాసేపటికి అన్న రెండు టీ గ్లాసులతో మా కొట్లోకి వచ్చాడు. ఎప్పుడూ నేనే అటు వెళ్లేవాణ్ణి. చేతులకు నూనె ఉందని బట్టలకు దూరంగా, గడప మీద కూర్చున్నాడు. టీచరమ్మ ఊసే ఎత్తలేదు. గ్లాసు సగం అయ్యాక, ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఆ సినిమాలో ఫైట్లు మాత్రం బాగున్నయ్యిరా. నాకు నచ్చినయ్యి. ఈ మాట ఎవడికి చెప్పుకోవాల్నో తెలవక ఇన్నాళ్లు చచ్చిపోయినా."

నాకు నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ ఫైట్లు దండగమారివని, ఒక్క తన్నుకు ఇరవై మంది లేచి పడటం ఎక్కడి లోకమని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వాన ఫైటు సంగతేందిరా అన్నాడు, నేను అదీ బాగాలేదన్నాను. గిరాకీ వస్తే వాళ్లను కూర్చోబెట్టి మరీ పోట్లాడుకున్నాం. చివరికి ధైర్యం తెచ్చుకుని, సత్తెనపల్లి రోడ్డు కొట్టు ఏమయిందని అడిగాను. ఆయన ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి లేచాడు.

"ఆడ దుమ్మెక్కువరా. మిషన్లకి పడదు" అన్నాడు.

మా బజార్లో దుమ్ము దానికి రెండింతలు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నాకు ప్రాణం లేచి వచ్చింది.