కలిసిన రంగును విడదీయబోయి

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. చదువుకున్నది ఎక్కడైనా పనికొస్తుందన్నది ఒకటి, మనసుపెట్టి చేసిన పని ఎవరికీ చెరుపు చేయదన్నది రెండోది. ఇరవై నాలుగేళ్ల వయసులో, చీరాల దారిలో మిరప పొలాల మధ్య లేచిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరినప్పుడు ఆ రెండింటినీ వెంట తీసుకెళ్లాను. (గొడుగు మాత్రం మరిచిపోయాను.) మా ఛైర్మన్ గారికి కాలేజీతో పాటు పచ్చళ్ల మిల్లు కూడా ఉండేది. రెండింటినీ ఒకే పద్ధతిలో నడిపేవారు: ముందు లేబులు, లోపల ఏముందన్నది తర్వాత. నేను పీహెచ్‌డీలో చేరడానికి ఆయన సంతకం కావాలి. ఆ కాగితం మూడు నెలలుగా ఆయన బల్ల మీద పేపర్ వెయిట్ కింద విశ్రాంతి తీసుకుంటోంది.

ఇంతలో యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తున్నారన్నారు. "ఏదో ఒక రీసెర్చ్ చూపించమ్మా. కాస్త తిరిగేదీ, రంగులున్నదీ" అన్నారు ఛైర్మన్ గారు. నేను ఒక గాజు జాడీలో లావుపాటి గాజు గొట్టం నిలబెట్టి, రెంటికీ మధ్య సందులో గ్లిజరిన్ పోసి, అందులో ఎర్రరంగు చుక్క ఒకటి వేశాను. గొట్టాన్ని నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పితే చుక్క సాగి సాగి, ఆనవాలు లేకుండా పోయింది. అంతే నెమ్మదిగా నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే, మళ్లీ చుక్కై వచ్చి కూర్చుంది. చిక్కటి ద్రవం నెమ్మదిగా, ఒకే వలయంలో తిరిగితే రంగు నిజంగా కలవదనీ, సాగుతుందంతేననీ వివరించాను. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఛైర్మన్ గారు మాత్రం కొట్టకుండా ఆలోచనలో పడ్డారు. నేను భయపడాల్సింది అప్పుడే.

ఆ శనివారం పొద్దున్నే మిల్లుకు రమ్మని కబురొచ్చింది. మనిషెత్తు స్టీలు తొట్టి నిండా పండుమిరప పచ్చడి, మధ్యలో నింపాదిగా తిరిగే పెద్ద తెడ్డు.

"ఇందులో రంగు కలిసిందమ్మా" అన్నారు ఛైర్మన్ గారు.

"ఎలా కలిసిందండీ?"

"కలిసింది." (ఆయన వ్యాకరణంలో ఇలాంటి క్రియలకు కర్త ఉండడు.) "సోమవారం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వస్తాడంట. నువ్వు వెనక్కి తిప్పి ఆ రంగు కాస్త తీసెయ్."

"ఆ జాడీలో గ్లిజరిన్ ఒకే వలయంలో తిరిగిందండీ. ఇక్కడ తెడ్డు పచ్చడిని పైకీ కిందికీ పక్కలకీ తోస్తుంది. అన్ని వైపులా మడతలు పడ్డాక ఏ గింజ ఎక్కణ్ణించి వచ్చిందో దానికే గుర్తుండదు."

"నీ కాగితం నా బల్ల మీదే భద్రంగా ఉందమ్మా" అన్నారాయన ఆప్యాయంగా.

"ప్రయత్నిద్దామండీ" అన్నాను.

మిల్లు మేస్త్రి యాభై దాటిన మనిషి. నేను చెప్పినట్టే మోటారు వెనక్కి తిప్పాడు. రెండు గంటలు గడిచాయి. ఆ ఘాటుకు నా కళ్లూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి. అప్పుడు కనిపించింది, తొట్టి అంచుకు జానెడు ఇవతల, మూరెడు వెడల్పున, రంగు లేని అసలు మిరప ఎరుపుతో ఒక వలయం. "విడిపోతోంది! మేస్త్రి గారూ, విడిపోతోంది!" అని అరిచాను. నిజానికి అది మొదటినుంచీ అక్కడే ఉంది. చిక్కటి సరుకును నెమ్మదిగా కలిపితే కొంత భాగం మిగతాదానితో పొత్తు పెట్టుకోకుండా తనలో తనే తిరుగుతుంటుంది. (ఇది పుస్తకంలో ఉంది. ఆ పేజీ కింద నేను గీత కూడా గీసుకున్నాను.)

"మేడమ్, దాని జోలికి పోకండి" అన్నాడు మేస్త్రి. పాపం, సైన్సు తెలియని మనిషి అనుకున్నాను. దొరికిన విజయాన్ని తొట్టి అంతా పరచాలని తెడ్డును వంచమన్నాను, ఎత్తమన్నాను, దించమన్నాను, ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పమన్నాను. మధ్యాహ్నానికి వలయం మాయమైంది. తొట్టి మొత్తం ట్రాఫిక్ సిగ్నల్‌లా ఒకే ఎరుపు.

మేస్త్రి బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. "అది మేం శాంపిల్ తీసే చోటండి. ఎవరొచ్చినా అక్కణ్ణించే ముంచి ఇచ్చేవాళ్లం."

సోమవారం ఇన్‌స్పెక్టర్ ఎక్కడ గరిటె ముంచినా ఒకే రంగు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత తొట్టెడు పచ్చడినీ గోతిలో పూడ్పించారు. "ఒక్క మూలైనా వదల్లేకపోయావా తల్లీ?" అన్నారు ఛైర్మన్ గారు, దాదాపు ఏడుపు గొంతుతో. నా కాగితం సంతకం లేకుండా తిరిగొచ్చింది, వెనకాల ఉద్యోగం నుంచి తప్పించిన ఉత్తర్వుతో సహా. ఇంటికెళ్లి ఏడ్చాను. మిల్లు ఘాటు ఇంకా వదల్లేదని అమ్మకు చెప్పాను. ఆమె చల్లటి మజ్జిగ ఇచ్చింది.

తర్వాత వేరే ఊళ్లో, వేరే సంతకంతో పీహెచ్‌డీ అయింది. ఈమధ్య చీరాల స్టేషన్లో రైలు కోసం నిలబడితే ఎవరో "మేడమ్!" అన్నారు. మేస్త్రి. జుట్టు పూర్తిగా నెరిసింది.

"రంగు వెయ్యడం మానేశామండి. దాచుకునే చోటు పోయిందిగా!" అని నవ్వాడు. "కానీ ఉప్పు మాత్రం ఇప్పుడు ఏ సీసా తీసినా సమానంగా ఉంటందండి. తెడ్డు వంచడం, ఎత్తడం, ఇటోసారి అటోసారి... మీరు చెప్పినట్టే. మావాళ్లు దాన్ని ‘మేడమ్ తిప్పుడు’ అంటారు."

రైలొచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, ఇన్నేళ్లలో నేను రాసిన పరిశోధన పత్రాలన్నీ గుర్తు చేసుకున్నాను. వాటిలో దేనికీ ఎవరూ నా పేరు పెట్టలేదు. ముక్కు కారుతూ తొట్టి మీదికి వంగి కేకలేసిన ఆ పిల్ల గుర్తొచ్చింది. అంత తప్పుగా, అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ అరవలేదు.