సున్నం కలపని మూటలు

మా మిల్లు సావుకారు నోట్లో ఎప్పుడూ నానే మాట ఒకటుండేది. దండగ. పనివాళ్లు ముక్కుకు కట్టుకునే గుడ్డలు దండగ, షెడ్డుకు రెండో బల్బు దండగ, మధ్యాహ్నం టీ దండగ. రాప్తాడు దాటాక రోడ్డుకు దూరంగా ఉండేది ఆ ఎముకల మిల్లు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ మాట వినబడినప్పుడల్లా పళ్లు నూరుకునేవాణ్ణి.

నేను ఆ మాట మొదట విన్నది మిల్లులో కాదు, మా ఇంటి ముందర. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వానలు వరసగా మొహం చాటేశాయి. వేరుశనగ పోయింది, దాంతోపాటు గొడ్ల మేతా పోయింది. మా జోడెద్దుల్లో పెద్దది ఒక పొద్దున కొట్టం ముందర కూలబడి మళ్లీ లేవలేదు. ఎవరు చెప్పారో ఏమో, మధ్యాహ్నానికి సావుకారు జీపులో దిగాడు, ఎముకల కోసం. ఎద్దు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది. నాయన మర్యాదకు మంచం వాల్చాడు. ఆయన దానిమీద కూర్చుని, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినంత తేలిగ్గా, "ఎప్పటికి పోతాదప్పా?" అని అడిగాడు.

మా అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఎద్దు నోట్లో పోస్తోంది. ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్లవి. సావుకారు చూసి నవ్వాడు.

"సచ్చేదానికి నీళ్లెందుకమ్మా, దండగ!"

ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు. అమ్మ చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. సాయంత్రానికి ఎద్దు పోయింది. ఆయన ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోయింది. నీ సంగతి చూస్తాను అని నేను ఆరోజే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆయనే నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఎముకల పొడిని ఎరువుగా బయటి దేశాలకు పంపాలని ఆయన ఆశ. నేను ఇంటర్ చదివినవాణ్ణి, ఇంగ్లీషు కాగితాలు కూడబలుక్కుని చదవగలను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, నేనూ గుర్తుచేయలేదు. పగ పట్టినవాడికి తొందర పనికిరాదు.

ఆ దేశాల్లో పిచ్చి ఆవుల జబ్బు వచ్చిందట. ఎముకల పొడి పొరపాటున కూడా పశువుల కడుపులోకి పోకూడదని గట్టి నిబంధనలు పెట్టారు. పొడిని బాగా వేడిచేయాలి. మేత దగ్గర నిల్వ పెట్టకూడదు. పశువులకు పెట్టరాదని మూట మీద రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ పశువూ మూతి పెట్టలేనిది ఏదైనా పొడిలో కలపాలి. పశువుల డాక్టరు చూసి సంతకం పెడితేనే సరుకు కదులుతుంది. ఒక్క అక్షరం మింగకుండా అంతా ఆయనకు చదివి చెప్పాను.

"సున్నం కలిపితే సరిపోతాదా?" అన్నాడు.

"సరిపోతాదన్నా. అయితే అన్ని మూటల్లోనూ కలపల్ల."

"అన్నిట్లోనా? దండగప్పా! ముందర వరసకు కలిపితే చాల్లే. డాక్టరు ఎనక్కి యాడ పోతాడు?"

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తన గొయ్యి తానే తవ్వుకుంటానంటే పార అందించడం తప్ప నాకేం పనుంది?

డాక్టరు వచ్చే రోజు మా రెండో ఎద్దును తోలుకుని మిల్లుకు పోయాను. దాన్ని గేటు దగ్గర కడుతుంటే సావుకారు చూశాడు.

"ఇదేందప్పా, దీన్ని ఈడికి తెచ్చినావు?"

"డాక్టరు ఎట్లాగూ వస్తాండాడు కదన్నా, చూపిచ్చుకుంటా. ఆస్పత్రికి పోయే దుడ్లు మిగుల్తాయి."

దుడ్లు మిగులుతాయంటే ఆయన దేనికీ అడ్డు చెప్పడు. సరే కానీ అన్నాడు.

కరువులో మా దిక్కు గొడ్లు ఏం చేస్తాయో పల్లెలో అందరికీ తెలుసు. మేత లేక ఒంట్లో సారం తగ్గితే, చేలల్లో పడివున్న ఎముకలు వెతుక్కుని నములుతాయి. సావుకారు బజారులో పుట్టి పెరిగినవాడు. ఎముకలు కొనడం ఒక్కటే తెలుసు.

డాక్టరు షెడ్డంతా తిరిగాడు. ముందు వరసలోని మూట ఒకటి విప్పించి వాసన చూశాడు. "ఏ గొడ్డూ మూతి పెట్టదు సార్" అన్నాడు సావుకారు గొప్పగా.

"చూద్దాం సార్, మా ఎద్దు ఈడే ఉండాది" అని దాన్ని విప్పుకొచ్చాను. ఎద్దు వాసన చూసి, బుస్సుమని తల తిప్పేసుకుంది. సావుకారు నా భుజం తట్టాడు. తట్టనిచ్చాను. ఆ చేయి దిగేలోపే వెనక వరసలోంచి ఒక మూట లాగి, మూతి కోసి డాక్టరు ముందర పెట్టాను.

ఎద్దు ముట్టెను పొడిలోకి దించేసింది. పలుపు పట్టి లాగినా వదల్లేదు, గరగర నాకుతూనే ఉంది. ఆ మూటలో దాని జోడు కూడా ఉందేమోనన్న ఊహ అప్పుడు వచ్చింది నాకు. అయినా డాక్టరు కళ్లారా చూసేదాకా ఆగి, అప్పుడు బలంగా లాగి మళ్లీ గేటు దగ్గర కట్టేశాను.

"ఇది ఎరువా, దాణానా?" అన్నాడు డాక్టరు. మరి నాలుగు మూటలు విప్పించాడు. సంతకం పెట్టకుండానే జీపెక్కాడు. సరుకు కోసం వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి పోయింది. కొనేవాళ్లు ఇంకొకరిని చూసుకున్నారని తర్వాత తెలిసింది.

సావుకారు మూటల మీద కూలబడ్డాడు. మొహమంతా చెమట. అంత మనిషి అంత చిన్నగా అయిపోవడం చూసి నాకు జాలి కలగలేదు. పండగలా ఉండింది.

"నీళ్లు తీస్కరాప్పా" అన్నాడు.

కడవ నా పక్కనే ఉంది. "పోయేదానికి నీళ్లెందుకన్నా, దండగ!" అన్నాను.

ఆయన అర్థంకాక చూశాడు. మా ఇంటి ముందు మంచం, అమ్మ చెంబు, తాను నవ్విన నవ్వు, ఒక్కటీ విడవకుండా చెప్పాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఏ ఎద్దప్పా?" అన్నాడు.

గేటు దగ్గర, మూతికి తెల్లటి పొడి అంటుకుని నిలబడివున్న మా ఎద్దును చూపించాను.

"దాని జోడు" అన్నాను. నీళ్లు మాత్రం ఇవ్వలేదు.