పారిపోయినవాడి పక్కన నిలబడిన మేడం

మొన్న ఇబ్రహీంపట్నం కోర్టు వరండాలో ఒక కక్షిదారుతో మాట్లాడుతుండగా ఫోన్ మోగింది. "అక్క పోయింది బిడ్డా, గుండె ఆగిపోయిందట" అన్నది సుగుణ మేడం చెల్లెలు. పోయిన వారమే బస్టాండు దగ్గర కనబడి, "గింత బక్కగైనవేంది, తింటున్నవా లేదా?" అని నడిరోడ్డు మీద గద్దించిన మనిషి! అశనిపాతం లాంటి ఆ వార్తకు నిశ్చేష్టురాలినై అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో ఆమె చిరకాలం వ్యాయామోపాధ్యాయురాలు. నాకు ఖోఖో నేర్పిన గురువు. ఆడపిల్లలను మైదానానికి పంపని ఇళ్లముందు స్కూటీ ఆపి వాకిట్లో కూర్చునేవారు. "పంపుతనని చెప్పేదాక చాయ్ పోస్తనే ఉండున్రి" అనేవారు. మా బాపు రెండో చాయ్‌కే ఒప్పుకున్నాడు. ఆటలో ఓడి ఏడ్చినవాళ్లను ఓదార్చే ఆ తల్లే, దొంగాట ఆడి గెలిచినవాళ్లను నిర్దాక్షిణ్యంగా బయట కూర్చోబెట్టేది.

ఆ వ్యక్తిత్వపు లోతు నాకు తెలిసింది మాత్రం నరేష్ కేసులో. అతనూ ఆమె శిష్యుడే, మెరుపులా పరుగెత్తేవాడు. చదువు మానేసి, పని దొరక్క తిరుగుతూ, ఎవరో ఇచ్చిన గంజాయి సంచిని బైకు మీద చేరవేయడానికి ఒప్పుకున్నాడు. మన్నెగూడ దగ్గర పోలీసులు ఆపితే ఆగలేదు. బైకు పట్టుకున్న కానిస్టేబుల్‌ను ఈడ్చుకుపోయాడు, ఆయన చెయ్యి విరిగింది. బండి, సంచి పడేసి ప్లాట్ల మధ్య నుంచి పారిపోయి, మర్నాడు మేడం ఇంట్లో తేలాడు.

మేడం పిలిస్తే వెళ్లాను. "ఏం శిక్ష పడుతదో దాచకుండ చెప్పు" అన్నారు.

"సంచిల ఉన్నది కిలో దాటింది మేడం, ఇరవై కిలోల లోపే ఉంది. పదేండ్ల దాక కఠిన జైలు, లక్ష దాక జుర్మానా పడొచ్చు. పోలీసాయనకు దెబ్బ తగిలించి ఉరికినందుకు ఇంకో కేసు, ఆయన చెయ్యి విరిగింది కాబట్టి దానికీ పదేండ్ల దాక ఉంటది. ఎంత అనేది జడ్జి చేతిల ఉంటది."

నరేష్ లేచి నిలబడ్డాడు. "బొంబాయి పోత మేడం, ఎవలకు దొరక" అన్నాడు.

"నీకు ఉరుకుడు నేర్పిన, ఆగుడు నేర్పలే. గది నాదే తప్పు" అన్నారామె. "అన్నం తిను. తిన్నంక ఠాణాకు పోదం. నేనొస్త."

నరేష్ ఏడుస్తూనే తిన్నాడు. ముగ్గురం కలిసి వెళ్లాం.

ఆ తర్వాత ఆమె దవాఖానకు వెళ్లి కానిస్టేబుల్‌ను పరామర్శించారు. ఆయన భార్య మండిపడింది: "కేసు వాపస్ తీసుకోమని వచ్చినవా?"

"లేదు బిడ్డా. నీ పెనిమిటికి ఎట్లున్నదో చూద్దామని వచ్చిన. తిట్టు, నీకు హక్కుంది." ఆమె తిట్టింది. మేడం చివరిదాకా విన్నారు.

జిల్లా కోర్టులో ఆ కానిస్టేబుల్ సాక్ష్యం చెప్పి దిగుతుంటే, "ఒక్క ముచ్చట అబద్ధం చెప్పలే" అని మేడం నా చెవిలో అన్నారు. తొలి నేరమని, తానే లొంగిపోయాడని నేను వాదించాను. రెండు నేరాలూ రుజువయ్యాయి. శిక్షలు ఏకకాలంలో అనుభవించాలని తీర్పు వచ్చింది: నాలుగేళ్లు. కూలిపోయిన నరేష్ తల్లిని మేడమే పొదివి పట్టుకొని ఇంటికి చేర్చారు.

"గంజాయి పోరని ఎంబడి తిరుగుతుంది" అని కొందరు ఆమె ఎదుటే ఎద్దేవా చేశారు. "తప్పు చేసిండు, శిక్ష పడ్డది. ఇగ నేనేం చెయ్యాలె, వాని పేరు మర్చిపోవాల్నా?" అన్నారామె. రాను పోను పట్నం బస్సుల్లో నిలబడి, మోకాళ్ల నొప్పులతోనే ప్రతి నెలా జైలుకు, నరేష్‌తో ములాఖత్‌కు వెళ్లారు. నేను తోడు వెళ్లినప్పుడు విన్నాను, ఆమె జాలి మాటలేవీ ఆడేవారు కాదు. "పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన, చదువు" అని గద్దించేవారు. నరేష్ లోపలినుంచే పరీక్ష రాసి పాసయ్యాడు.

శిక్షించే చట్టాలు మనకున్నాయి, వాదించే మాబోటివాళ్లమూ ఉన్నాం. శిక్ష పడ్డాక కూడా మనిషిని మనిషిగా చూసే అటువంటి ఉదాత్త హృదయాన్ని ఈ ఊరు మళ్లీ ఎప్పటికి చూస్తుందో! ఆ మాతృమూర్తికి అశ్రునయనాలతో నమస్కరిస్తున్నాను.

నరేష్‌కు ఇంకా తెలియదు. "నాకు నోరు రాదు బిడ్డా, నువ్వే చెప్పు" అన్నది వాళ్లమ్మ. ఈ వారం ములాఖత్‌కు నేను ఒక్కదాన్నే వెళ్లాలి. ఇనుప జాలీ అవతల నిలబడి వాడు నన్ను చూసి నవ్వుతాడు. ఆ వెంటనే నా వెనక ఎవరొస్తున్నారా అని చూస్తాడు.