తాళం వేసిన ఫ్రిజ్‌లో గండుచీమలు

మా పై వాటాలో ఉండే ఎకార్ట్ నోఆక్ చెడ్డవాడని ఎవరైనా అంటే వాళ్ళతో దెబ్బలాటకి నేనే ముందుంటాను. కానీ అతనితో ఒక్క వారం కాపురం చెయ్యమంటే మాత్రం వెళ్ళి నైస్సె నదిలో దూకుతాను. ఆ మనిషికి చేతులు ఊరుకోవు. పని చేసినన్నాళ్ళూ తాళాలు బాగుచేశాడు. ఇప్పుడు పని లేదు గనక లోకంలో ఏది చూసినా వదులుగా ఉన్నట్టూ, తను బిగించకపోతే ఊడిపోతుందన్నట్టూ తోస్తుంది. మెట్ల కింద ఎవరి సైకిలున్నా బ్రేకు సరిచేస్తాడు. కాగితాలకని పెట్టిన చెత్తడబ్బాలో ప్లాస్టిక్ సీసా కనబడితే దాన్ని పట్టుకుని ఒక్కొక్క తలుపూ కొట్టి, ఇది మీదేనా అని అడుగుతాడు. నా ఉన్ని కొట్టు మూసేశాక కాస్త ప్రశాంతంగా బతుకుదామనుకున్నాను గానీ, నా కిటికీ రెక్క కిర్రుమంటే పైనుంచి నూనె డబ్బాతో దిగేవాడు.

బయటివాళ్ళం మాకే ఇలా ఉంటే పెళ్ళాం గతేమిటి? ఇల్జె సూపు పెడితే మంట తగ్గిస్తాడు. బట్టలు ఆరేస్తే తాడు సరిచేస్తాడు. పాపం, అంతా ప్రేమే. ప్రేమ కాదని ఇల్జె కూడా ఎప్పుడూ అనలేదు. కిందటి సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె సోఫాలో నడుం వాల్చి నిద్రపోతే, భుజం తట్టి లేపి, "బాగా నిద్రపడుతోందా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే ఇల్జె చిన్న పెట్టె పట్టుకుని మెట్లు దిగుతూ నా గుమ్మం ముందు ఆగింది.

"అన్నెరోజె, నేను బౌట్సెన్ వెళ్తున్నా, మా చెల్లి గూడ్రున్ దగ్గరికి. మంచు కరిగేదాకా అక్కడే."

"తర్వాత?"

"తర్వాత వస్తానో రానో నాకే తెలీదు. ముందు నిద్రపోవాలి. ఫోన్ చెయ్యొద్దని వాడికి చెప్పాను. నువ్వూ చెయ్యకు. చేస్తే వాడు నీ పక్కన నిలబడి వింటాడు."

వెళ్ళిపోయింది. పైన ఎకార్ట్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. ఆ తలుపు చప్పుడు చెయ్యదు, దానికి నూనె ఎప్పుడూ ఉంటుంది.

ఇక అతని చీమల సంగతి. ఈ దేశంలో చీమల్ని పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు, కుక్కల్ని పెంచేవాళ్ళ కంటే గుట్టుగా ఉంటారు, అంతే. ఎకార్ట్ వేసవి మొదట్లో అడవి దారుల్లో తిరిగి, రెక్కలు రాల్చుకుని గూడు వెతుక్కుంటున్న గండుచీమ రాణిని గాజు గొట్టంలో పట్టుకొచ్చేవాడు. గొట్టం అడుగున నీళ్ళు, మధ్యలో దూది. రాణి ఆ దూది తడి నాకుతూ గుడ్లు పెడుతుంది. పిల్లలు పెరిగాక వాటికి ఇల్లు కట్టాలి. గోడలకి వాడే గాలిబుడగల తేలిక ఇటుక తెచ్చి, వంగిపోయిన గరిటెతో, పాత స్క్రూడ్రైవరుతో గదులూ దారులూ తొలిచి, ముందు గాజు పలక బిగించేవాడు. ఒక మూల నీళ్ళకి గుంట. అందులో పోసిన నీరు ఇటుకంతా పాకి గదుల్ని చల్లగా, చెమ్మగా ఉంచుతుంది. ఆ ఇటుకని ఉంచిన పెట్టె అంచుకి నూనె రాస్తే చీమలు పైకెక్కి పారిపోవు. చెప్పకపోవడం ఎందుకు, చూడ్డానికి ముచ్చటగానే ఉండేది.

చిక్కల్లా చలికాలంతోనే. శీతాకాలం మా వైపు చీమలు నిద్రపోతాయి. నిద్రపోవాలి కూడా. వెచ్చగదిలో ఉంచి మేపితే నాలుగు రోజులు తిరుగుతాయి గానీ రాణి నీరసించి, వచ్చే ఏడాది గుడ్లు పెట్టదు. అందుకని పెంచేవాళ్ళంతా వాటిని ఫ్రిజ్‌లో పెడతారు, కూరల పక్కన. ఎకార్ట్ కూడా పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? రోజూ తలుపు తీసి, టార్చి వేసి, పెట్టె కదిపి చూసేవాడు. చీమలు చచ్చినట్టు ముడుచుకుని పడుంటాయి కదా, అది అతని ప్రాణానికి ఓర్వలేని పని. కదిపినప్పుడల్లా అవి ఉలిక్కిపడి లేచేవి, ఒంట్లో దాచుకున్న బలం ఖర్చయ్యేది. అలా రెండు గూళ్ళు వసంతం చూడకుండానే పోయాయి.

"చూడకుండా బతికున్నాయని ఎలా తెలుస్తుంది?" అనేవాడు నాతో.

"నువ్వు చూస్తే చచ్చాయని తెలుస్తుంది" అనేదాన్ని.

మూడో గూడు నిలబడింది. ఎందుకంటే ఇల్జె కాపలా కాసింది. అతని చెయ్యి ఫ్రిజ్ పిడి మీద పడితే చాలు, చెక్క గరిటెతో ఒకటి వేసేది. రెండు చలికాలాలు అలా గడిచి, గూడు పెద్దదై, రాణి బొద్దుగా తయారైంది.

ఇల్జె వెళ్ళిన తర్వాత, అక్టోబరులో, అతను ఇటుక గూడు రెండు చేతులా పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చాడు.

"నీ నేలమాళిగలో పాత ఫ్రిజ్ ఉంది కదా, అందులో పెట్టుకో. ఇంట్లో ఉంటే నేను ఆగలేను."

"మాళిగకి రాలేవా?"

"తాళం వేస్తాను."

అన్నంత పనీ చేశాడు. నన్ను అడక్కుండానే నా ఫ్రిజ్‌కి రెండు కన్నాలు పొడిచి తాళం బిగించి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఎకార్ట్, నువ్వు తాళాలవాడివి. గుండుసూదితో తీస్తావు."

"తీస్తాను. అందుకే నీకు మాటిస్తున్నా. ఈసారి వసంతం దాకా చూడను. గూడు నిండా తడిపి పెట్టాను, వాటికి కావలసిందల్లా ఉంది." నా మొహం చూడకుండా అన్నాడు. "నేను చూడకుండా ఉండి, ఆ రాణి బతికి బయటపడితే ఇల్జె వస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. "చీమల్నీ పెళ్ళాన్నీ ఒకే గాటన కట్టావూ! ఆమె వింటే ఇప్పుడే వచ్చి నీ పెట్టె కూడా సర్ది బయటపడేస్తుంది."

"నాకు వేరే దారి తెలీదు అన్నెరోజె" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇంక తిట్టబుద్ధి కాలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ చలికాలం మనిషి నిజంగా ఆగాడు. బంగాళాదుంపలు తెచ్చుకోవాలని మాళిగకి వచ్చేవాడు. వచ్చి, ఫ్రిజ్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడి, దుంపలు మరిచిపోయి వెళ్ళేవాడు. మెట్లు కడిగే వంతు ఇల్జెది వస్తే తనే కడిగాడు, కానీ పక్కవాళ్ళు కడిగిన మెట్లని మళ్ళీ కడగలేదు. ఎవరి సైకిలూ ముట్టలేదు. నా కిటికీ మళ్ళీ కిర్రుమంది, దిగలేదు. అది చూసి నాకు సంతోషం వెయ్యకపోగా దిగులేసింది. ఇల్జె పుట్టినరోజు డిసెంబరులో. ఆ రోజు ఫోన్ తీసి సొరుగులో పెట్టి, నా వంటింటికి వచ్చి, ఉడికిన దుంపల మీద పెరుగుముద్ద, అవిసెనూనె వేసుకుని తిన్నాడు.

ఖాళీ చేతులకి పని కావాలిగా, కొత్త గూడు మొదలుపెట్టాడు. పిల్లలు ఆడుకునే బంకమట్టితో గదుల ఆకారాలు చేసి, వాటి మీద నీళ్ళలో కలిపిన సున్నపుపిండి పోసి, గట్టిపడ్డాక మట్టిని తోడేస్తే లోపల గదులు మిగులుతాయి. మూడుసార్లు పోశాడు, మూడుసార్లూ బాగోలేదన్నాడు. నాకైతే ముందుదే బాగుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం గూడ్రున్ నాకు ఫోన్ చేసింది.

"మీ ఎకార్ట్ ఉన్నాడా పోయాడా?"

"ఉన్నాడు. ఏం?"

"అక్క గుమ్మం మెట్ల మీద మంచుకి జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. మూడో వారం ఇది. చెప్పొద్దంది, చెప్పలేదు. కానీ ఫోన్ మోగితే చాలు, నా కంటే ముందు తల తిప్పుతుంది. క్రిస్మస్‌కి కూడా చెయ్యలేదు మహానుభావుడు!"

"చెయ్యొద్దని ఆవిడే కదా..."

"అంది. అన్నంత మాత్రాన?"

నేను పైకి పరిగెత్తాను. సంగతి చెప్పగానే అతను చేతిలో పని వదిలేశాడు. లేచి కోటు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

"మాటిచ్చాను" అన్నాడు. "వసంతం దాకా."

"ఆమె చెయ్యి విరిగిందయ్యా!"

"గూడ్రున్ ఉంది. డాక్టర్లున్నారు. నేను వెళ్తే ఏం చేస్తానో నాకు తెలుసు. కట్టు సరిగా కట్టలేదంటాను. మందు వేసుకున్నావా అని గంటకోసారి అడుగుతాను. చూసి చూసి రెండు గూళ్ళు చంపాను అన్నెరోజె."

నాకు ఇంక పట్టలేనంత కోపం వచ్చింది. తాళంచెవి తీసుకుని మాళిగకి దిగాను. ఏం చేద్దామనో నాకే తెలీదు, ఆ మొక్కు ఏదో ముక్కలు చేసి అతని మొహాన కొట్టాలనిపించింది. వద్దు వద్దంటూ వెనకే వచ్చాడు. తాళం తీసి, గూడు బయటికి లాగి, లైటు కింద పెట్టాను.

ఇటుక తెల్లగా ఉంది. తడి ఇటుక బూడిదరంగులో ఉండాలని నాకు కూడా తెలుసు. నీళ్ళ గుంట ఎండి, అడుగున పొక్కులు లేచాయి. గదుల్లో చీమలు కాళ్ళు లోపలికి ముడుచుకుని గుట్టలుగా పడున్నాయి. గాజు పలక కదిపితే ఎండిన గింజల్లా అటూ ఇటూ జారాయి.

ఎకార్ట్ గుంటలో నీళ్ళు పోశాడు, తొందరలో సగం నేల మీద పోయాయి. దూది తడిపి గాజు సందులోంచి రాణి మూతి దగ్గర పెట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మీసం ఒకటి కదిలింది. తర్వాత, నిద్దట్లో ఉన్న మనిషి నీళ్ళ గ్లాసు అందుకున్నట్టు, మెల్లగా మూతి దూదికి ఆనించింది. చుట్టూ ఓ గుప్పెడు చీమలు మాత్రం కాళ్ళు కదిపాయి. మిగతావి ఇంక కదల్లేదు.

"రెండేళ్ళూ సరిపోయిందిగా" అన్నాడు ఎకార్ట్. "అక్టోబరులో ఒకసారి తడిపితే చాలేది."

"నీదెప్పుడూ అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను, ఎందుకంటే అతను ఏడుస్తున్నాడు. అంత పెద్ద మనిషి, నా దుంపల బుట్ట మీద కూర్చుని.

"నువ్వు కూడా రా. నాకు ఒక్కడికీ భయంగా ఉంది" అన్నాడు కాసేపటికి.

మధ్యాహ్నం రైల్లో బౌట్సెన్ వెళ్ళాం. దారంతా కిటికీలోంచి మంచు పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కుంటున్నాడని పెదాలు చూస్తే తెలుస్తోంది.

గూడ్రున్ ఇంటి గంట కొట్టగానే తలుపు తీసింది ఇల్జెనే. ఎక్కడికో బయల్దేరుతోంది. కట్టు కట్టిన చేతిని గుడ్డతో మెడకి వేలాడేసుకుని, కోటు ఒక చేతికే తొడుక్కుంది. రెండోవైపు భుజం మీంచి జారుతోంది. మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

రైల్లో కూడబలుక్కున్నదంతా ఏమైపోయిందో, ఎకార్ట్ నోట్లోంచి వచ్చింది ఇది: "చీమలు చచ్చిపోయాయి. ఎండిపోయి. రాణి ఉంది."

ఇల్జె కళ్ళు మూసి తెరిచింది. "నీళ్ళు పొయ్యలేదా?"

"చూడనని ఒట్టు పెట్టుకున్నాను. కిందటేడు అసలు పొయ్యలేదు కదా."

"నువ్వు పొయ్యలేదు. ఫ్రిజ్‌లోంచి వెన్న తీసినప్పుడల్లా నేను రెండు చుక్కలు వేసేదాన్ని. నీకు చెప్తే పూటకోసారి బిందెతో పోస్తావని చెప్పలేదు."

గూడ్రున్ వెనకనుంచి తొంగిచూసింది, నేను వెళ్ళిపొమ్మని సైగ చేశాను.

"ఫోన్ చెయ్యొద్దంటే నిజంగానే మానేస్తావా?" అంది ఇల్జె. "నేను పడ్డాను ఎకార్ట్. ఆ మెట్ల మీద పడుండి, ఇప్పుడు వీడుంటే చంపుకు తినేవాడు కదా అనుకుని ఏడ్చాను."

అతని చేతులు రెండూ లేచాయి. జారిపోతున్న కోటు వైపు, కట్టు వైపు, మెడకి నులుముకున్న గుడ్డ వైపు. అక్కడ సరిచెయ్యవలసినవి ఎన్ని ఉన్నాయో నాకే కనబడుతున్నాయి, అతనికి కనబడవా? సగం దూరంలో చేతులు ఆగిపోయాయి.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

వాళ్ళ ఇంటి కింద ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. ఆ మాట అతని నోట నేను వినడం అదే మొదలు. ఇల్జెకీ అదే మొదలేమో.

"ఈ కోటు భుజం మీదికి లాగు. బొత్తాలు పెట్టు" అంది. అతను వంగి కిందనుంచి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. "పైది వద్దు. గొంతు నొక్కేస్తుంది" అంది ఇల్జె.

బయట చలి చంపేస్తోంది. పై బొత్తం పెట్టకపోతే గుండెల్లోకి గాలి కొడుతుంది, అది పసిపిల్లకైనా తెలుసు. ఎకార్ట్ ఆ బొత్తం వైపు చూశాడు. చెయ్యి దించేశాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

"డాక్టరు దగ్గరికి. కట్టు చూపించుకోవాలి."

"నేను రానా?"

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నాను."

ఇల్జె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. నేను మెట్ల పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"అయితే రా" అంది.