పదో పేరు

జన్నత్ బీ పోయిన నలభయ్యో రోజున ఫాతిహా ప్రార్థనకి వచ్చిన వాళ్లందరూ ఆవిడ ఓపిక గురించే చెప్పుకున్నారు. అది రెండువేల తొమ్మిది. ఆవిడ అక్క కొడుకు మునీర్ వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందిస్తూ తిరిగాడే గాని, ఎవరి పక్కనా కూర్చోలేదు. అతనికి ఆవిడ ఖాలా, అంటే పిన్ని.

అనకాపల్లిలో ఓ చిన్న ఉర్దూ బడికి ఇరవై రెండేళ్లు ఆవిడొక్కతే టీచరు. ఒకే గది, ఐదు తరగతులు. మునీర్ చేత అలిఫ్ దిద్దించిందీ ఆవిడే, తెలుగు అక్షరం గుండ్రంగా రావాలని వేళ్లు పట్టుకుని తిప్పించిందీ ఆవిడే. ఆ చేత్తోనే అతను బోర్డులు రాసే పెయింటరయ్యాడు.

రెండువేల మూడు నాటికి ఆ గదిలో పదిమంది పిల్లలు మిగిలారు. పదికంటే తగ్గితే పక్క తెలుగు బడిలో కలిపేస్తామని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం మునీర్ కూడా చదివాడు. హాజరు పట్టీలో పదో పేరు అతని కూతురు మెహ్రాజ్‌ది.

అయినా ఏప్రిల్లో ఒక సాయంత్రం వెళ్లి ఖాలా గుమ్మంలో నిలబడ్డాడు.

"మెహ్రాజ్‌ని కాన్వెంటులో ఏద్దామనుకుంటన్నాను ఖాలా. ఇంటర్వ్యూ ఉంటాదంట, ఇంగ్లీషులో."

ఖాలా బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగలేదు.

"ఎప్పుడంట?"

"జూన్ మొదటివారం."

"మరి రేపట్నుంచి పంపు. పలక మరిసిపోకు."

బడి సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తి ఉంటే తను ఆగిపోయేవాడేనని మునీర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. తనైనా ఆ మాట ఎందుకు ఎత్తలేదో మాత్రం ఎప్పుడూ అనుకోలేకపోయాడు.

నెలన్నర పాటు ఖాలా ఇంటి అరుగు మీద మెహ్రాజ్‌కి ఇంగ్లీషు నడిచింది. ఓ రోజు అతను వెళ్లేసరికి మెహ్రాజ్ గట్టిగా వల్లిస్తోంది: "మై ఫాదర్ ఈజ్ యాన్ ఆర్టిస్ట్."

"పెయింటరంటే సాలదేటి ఖాలా?"

"గోడలకి సున్నమేసీవోడివనుకుంటారు. నోరు మూసుకుని కూకో. సీటు కావల్సింది నీకు కాదు."

మెహ్రాజ్ పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు.

సీటొచ్చింది. జులైలో ఉర్దూ బడికి తనిఖీ అన్నారు. ముందురోజు మునీర్ వెళ్లి, ఒక్కపూటకి పిల్లని తెచ్చి కూర్చోబెడతానన్నాడు.

"రేపు దానికి టెస్టుంది కదేటి?"

"ఒక టెస్టు పోతే ఏటవుద్ది?"

"ఒద్దురా. ఉన్నది తొమ్మిదే, తొమ్మిదనే సెప్తాను."

అలాగే చెప్పింది. దసరాలోపు బడి కలిసిపోయింది. ఖాలాని తెలుగు బడిలో ఒకటో తరగతికి వేశారు. తెలుగు బడి కిందికి వెళ్లిన ఆ గది పాత బోర్డు మీద ఉర్దూలో ఉన్న వరస తీసేసి, ఆ చోట 'ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు నేర్పబడును' అని రాసే పని మునీర్‌కే వచ్చింది. నిచ్చెన కదులుతోంటే ఖాలా వచ్చి పట్టుకుంది.

"గట్టిగా గీకు. అడుగునుంచి పాతరంగు కనిపిత్తే బాగోదు."

కిందికి చూడకుండా గీకాడు. పెచ్చులు ఆవిడ తలమీది కొంగు మీద రాలుతూనే ఉన్నాయి. ఆవిడ రెండు చేతులూ నిచ్చెన మీదే ఉన్నాయి.

ఫాతిహాకి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఎనిమిదో తరగతి చదువుతున్న మెహ్రాజ్ చాప చుడుతూ తండ్రిని అడిగింది.

"అబ్బా, జన్నత్ దాదీ బడి ఎందుకు మూసేసేరు?"

"పిల్లలు తగ్గిపోయేరమ్మా."

"ఎంతమంది తగ్గిపోయేరు?"

మునీర్ గ్లాసులు ఎత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. కడిగిన వాటినే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.