జిగురు గదిలో వదిన

బూట్ల కార్ఖానాలో ఆమెను అందరూ జిగురక్క అనేవాళ్లు. తోలుకూ అడుగు అట్టకూ జిగురు పూయడంలో అంత చెయ్యి తిరిగిన మనిషి. ఆమెను ఆ పనిలో పెట్టించింది అన్నయ్య భార్యే. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. కార్ఖానాలో వదినా ఆడపడుచులవి పక్కపక్క స్టూళ్లు. జిగురక్క వాగుడు మితిమీరితే వదిన బ్రష్షు ఎత్తి, "ఆ నోటికి కూడా ఓ పూత వెయ్యమంటావా?" అనేది. గదంతా గొల్లుమనేది.

గాలికి దుమ్ము లేచి జిగురు మీద పడుతుందని యజమాని కిటికీలకు అట్టలు కొట్టించాడు. తలుపూ మూసే ఉండేది. సాయంత్రానికి అందరికీ తల దిమ్మెక్కిపోయేది. అలసటేలే అనుకునేవాళ్లు. వదినకు మొదట పాదాలు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఓరోజు ఇనప మెట్లు దిగుతూ, మెట్టుందనుకుని వట్టిగాల్లో కాలేసింది. పడ్డ మనిషి మళ్లీ లేవలేదు.

కొన్నాళ్లకు తిరిగొచ్చింది.

మధ్యాహ్నం, డబ్బాల మూతలన్నీ తీసి పని ఊపందుకున్న వేళ, జిగురక్క ఓరకంట చూస్తే పక్క స్టూలు మీద వదిన. అదే నీలం చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, తల వంచుకుని బ్రష్షు ఆడిస్తూ. తిన్నగా చూస్తే ఉండేది కాదు. మొదట్లో జిగురక్క ఒళ్లు జలదరించేది. రానురాను ఆ వేళ కోసమే ఎదురుచూసేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వెళ్లిపోతుందేమోనని బెంగ.

ఒకనాడు పనివాళ్ల ఆరోగ్యం చూసే డాక్టరమ్మ వచ్చింది. ఒక్కొక్కరినే పిలిచి, కళ్లు మూసుకోమని కాలివేళ్లు తాకింది.

"ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నాను?"

"ఇంకా పట్టుకోలేదుగా," అంది జిగురక్క.

కళ్లు తెరిస్తే ఆమె బొటనవేలు డాక్టరమ్మ చేతిలోనే ఉంది.

"ఆ గదిలో లేనివేమైనా కనిపిస్తాయా మీకు?"

జిగురక్క చెప్పు వెతుక్కుని కాలికి తొడుక్కుంది. చివరికి వదిన సంగతి చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఇంట్లోనూ కనిపిస్తుందా?"

"లేదమ్మా. అక్కడే."

"జిగురు ఆవిరి తలకెక్కుతోంది. మీ కాళ్లను తినేస్తున్నదీ అదే. మీ వదినగారి కాళ్లనూ అదే తిని ఉంటుంది."

గాలి ఆడేలా చెయ్యమని డాక్టరమ్మ చెబితే యజమాని "చూద్దాం" అన్నాడు. కిటికీలు తీసేదాకా బ్రష్షు ముట్టేది లేదన్నారు పనివాళ్లు. జిగురక్క మాత్రం వాళ్లతో కలవలేదు. ఆ సాయంత్రం, ఎదుటి బల్ల దగ్గర పనిచేసే పసిబిడ్డ తల్లి మెట్ల మీద తూలి, కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. "ఏంటో అక్కా, ఈ కాళ్లు నావి కానట్టున్నాయి," అని నవ్వింది. మెట్ల మీంచి పడకముందు వదిన కూడా నవ్వుతూనే అంది ఆ మాట.

మర్నాడు జిగురక్కే స్టూలెక్కి కిటికీ అట్ట పట్టి లాగింది. మేకులు కీచుమన్నాయి. "ఎవరు తియ్యమన్నారు?" అంటూ సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

"మీరూ ఓ చెయ్యి వెయ్యండి," అంది తిరిగి చూడకుండా. తిరిగితే ఆ స్టూలు చూడాల్సి వస్తుంది.

మిగతావాళ్లు రెండో కిటికీ పట్టారు. ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టేదాకా ఎవరూ డబ్బా మూత తియ్యలేదు. యజమాని దిగొచ్చాడు. తర్వాత ఘాటు తక్కువ జిగురూ తెప్పించాడు. జిగురక్కను లేసులు కట్టే గదికి మార్చారు. పాదాల్లో స్పర్శ కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. వదిన అసలు రాలేదు.

మనసులో దాచుకోలేక ఒక సాయంత్రం అన్నయ్యకు అంతా చెప్పేసింది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ చూస్తూ, నన్నొక్కసారైనా తీసుకెళ్లలేదేమే?"

"అది నిజం కాదన్నయ్యా. ఉత్త ఆవిరి."

"తెలుసులే." దుప్పటి మీదికి లాక్కుంటూ, "చిక్కిపోయి ఉందా?" అన్నాడు.

"లేదు. బాగానే ఉంది."

"నీవైపు చూసిందా ఎప్పుడైనా?"

ఎన్నడూ చూడలేదు. "ఒకసారి చూసింది," అంది జిగురక్క.

అన్నయ్య తలూపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.