నాన్నగారి మంచం పక్కన చెంబు

ఈవేళ ఆరు నెలల తర్వాత మా ఇంటి తలుపు తెరిచాం. నాన్నగారు ధనిష్ఠా పంచకంలో పోయారు. అలా పోతే ఇల్లు పాడుపెట్టాలన్నారు పురోహితుడు గారు. సరేనని తాళం వేసి, పెదనాన్నగారి కొబ్బరితోటలో పాక వేసుకుని ఉన్నాం. చెడ్డది నక్షత్రమైతే అమ్మ ఇల్లు ఎందుకు వదలాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గడువు తీరిందని శాంతికి సామాను పట్టుకుని వెళితే తాళంచెవి తిరగలేదు. ఈ ఉప్పుగాలికి ఇనుము బిగుసుకుపోయింది. మా ఊరి కమ్మరి ధవళేశ్వరం ఆనకట్ట పనిలోకి పోయాడు. రాజోలు నుంచి ఇంకో కమ్మరిని పిలిపించేసరికి మధ్యాహ్నమైంది.

అతను సుత్తి ఎత్తగానే అమ్మ అడ్డుపడింది.

“మెల్లిగా కొట్టు నాయనా. ఆయనకి చప్పుడంటే పడదు.”

“ఆయ్, అలాగేనండమ్మగారూ,” అన్నాడతను. తలగుడ్డ విప్పి తాళానికి చుట్టి, దాని మీద కొట్టాడు.

తలుపు తెరుచుకోగానే అమ్మ నేరుగా నాన్నగారి మంచం దగ్గరికి వెళ్లింది. ఇల్లు మూసే రోజున తాను అక్కడ పెట్టిన నీళ్ల చెంబు వంచి చూసింది. చుక్క లేదు.

“తాగేరురా,” అంది నాతో. “ఎంత దాహమేసిందో!”

చెంబు పట్టుకుని నూతి దగ్గరికి నడిచింది.

ఇన్నాళ్లకి నీళ్లు ఇగిరిపోతాయమ్మా అని చెప్పాలి. నేను వెనకే వెళ్లి చేదతో నీళ్లు తోడి చెంబు నింపాను. మీరైతే చెప్పేవారా?